వెలుగు పెడితే దవడ ఎముక పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 58 ఏళ్లు. ఖమ్మంలో కిరాణా కొట్టు నడుపుతారు. పదేళ్లుగా షుగర్ ఉంది, మొన్న చేయిస్తే మూడు నెలల షుగర్ 9.1 వచ్చింది. రోజూ రెండు మూడు జర్దా కిళ్లీలు వేస్తారు. కింది దవడ ఎడమవైపు పన్ను కింద ఎముకలో సిస్ట్ ఉందని, 2 సెంటీమీటర్ల దాకా ఉందని ఎక్స్‌రేలో తేలింది. పన్ను, సిస్ట్ తీసేసి, ఆ గుంతలో బోన్ పౌడర్ నింపి, పైన పొర కప్పి కుట్లు వేస్తామన్నారు. ఆ తర్వాత 10 సిట్టింగులు లేజర్ లైట్ పెడితే ఎముక తొందరగా పెరుగుతుందని, అప్పుడు ఇంప్లాంట్ పెట్టొచ్చని చెప్పారు. లేజర్‌కి సిట్టింగుకు 1,500 అట. వెలుగు పెడితే నిజంగా ఎముక పెరుగుతుందా? ఆ పౌడర్ ఆవు ఎముకతో చేస్తారని ఎవరో అన్నారు, నాన్నగారు అప్పటినుంచి ఆపరేషనే వద్దంటున్నారు. ఆన్‌లైన్‌లో 6,000కి ఎర్ర లైట్ మిషన్ దొరుకుతోంది, అది కొని ఇంట్లోనే పెట్టుకుంటే సరిపోదా?
- ఒక కూతురు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లేజర్ గురించి ఉంది, పౌడర్ గురించి ఉంది, ఆన్‌లైన్ దీపం గురించి కూడా ఉంది. బయాప్సీ అన్న మాట మాత్రం ఎక్కడా కనిపించలేదు. అందుకని మీరు అడగని దానితోనే మొదలుపెడతాను.

ఎక్స్‌రేలో దవడ ఎముక మధ్య నల్లగా, గుండ్రంగా నీడ కనిపిస్తే చాలాసార్లు అది చచ్చిన పన్ను వేరు కొసన పుట్టిన మామూలు సిస్టే అయ్యుంటుంది. తీసేస్తే తీరిపోతుంది. కానీ అచ్చం అలాగే కనిపించేవి ఇంకా ఉన్నాయి. కెరటోసిస్ట్ అని ఒకటుంది, తీసినా మళ్లీ వచ్చే గుణం దానిది. అమెలోబ్లాస్టోమా అని ఇంకొకటి, అది కణితి, చుట్టూ ఉన్న ఎముకను కూడా కొంత కలిపి తీయాల్సి రావచ్చు. వీటిని ఎక్స్‌రే చూసి తేల్చలేం. తీసిన ముక్కను సీసాలో ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపితేనే తేలుతుంది. "మామూలు సిస్టే, పంపక్కర్లేదు" అంటే ఒప్పుకోకండి. జర్దా వేసే మనిషి నోట్లోంచి తీసిన ఏ ముక్కనైనా చెత్తబుట్టలో వేయకూడదని మా విద్యార్థులకు ముప్ఫై ఏళ్లు చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

మీ లేజర్ ప్రశ్నకూ బయాప్సీకీ నేరుగా సంబంధం ఉంది. ఈ వెలుగు చేసే పని, చేస్తుందని మనం ఆశపడే పని, కణాలను హుషారు చేయడం. అది మంచి కణమా చెడ్డ కణమా అని వెలుగు అడగదు. కణితి ఉన్నచోట, ఉందేమోనన్న అనుమానం ఉన్నచోట దాన్ని పెట్టకపోవడం మామూలు జాగ్రత్త. పౌడర్‌కీ ఇదే వర్తిస్తుంది. తిరిగి వచ్చే రకం సిస్ట్ అని తర్వాత తేలితే, గుంత నిండా తెల్లగా కనిపించే గింజలుంటే ఎక్స్‌రేలో అది మళ్లీ వస్తోందో లేదో కనిపెట్టడం కష్టమవుతుంది. కాబట్టి రిపోర్టు వచ్చేదాకా వెలుగు సంగతి ఎత్తొద్దు. ఇంకో మాట, ఆ పన్ను తీయక తప్పదా అని కూడా ఒకసారి అడగండి. కొన్ని కేసుల్లో రూట్ కెనాల్ చేసి, వేరు కొసను కోసి, పన్ను నిలబెట్టవచ్చు. మీ నాన్నగారి పన్ను ఆ స్థితిలో ఉందో లేదో చూసినవాళ్లే చెప్పగలరు.

ఇక ఎముక సంగతి. దవడలో గుంత పడితే అందులో మొదట నిండేది రక్తం. అది గడ్డకడుతుంది. కొద్ది రోజుల్లో చుట్టూ ఉన్న ఎముక గోడల్లోంచి సన్నని రక్తనాళాలు ఆ గడ్డలోకి పాకుతాయి, వాటి వెంట ఎముకను కట్టే కణాలు వస్తాయి. మొదట గజిబిజి అల్లికలా పచ్చి ఎముక వస్తుంది. తర్వాత నెలల తరబడి అది కరుగుతూ, మళ్లీ కట్టుకుంటూ గట్టి ఎముకగా మారుతుంది. ఈ పని ఎవరూ ఏమీ నింపకపోయినా జరుగుతుంది. నాలుగు వైపులా గోడలు నిలిచి ఉన్న చిన్న సిస్ట్ గుంతలు ఏ పౌడర్ లేకుండా వాటంతట అవే పూడుకోవడం మేం రోజూ చూసేదే. ఆరు నెలలు, ఏడాది పడుతుంది, పెద్దవైతే ఇంకా ఎక్కువ. అంటే మీ డాక్టరు గారిని అడగాల్సిన అసలు ప్రశ్న "ఏ పౌడర్?" కాదు, "గోడలు ఉన్నాయా?" అన్నది. బుగ్గ వైపు ఎముక పలక సిస్ట్ ఒత్తిడికి తినేసిపోయిందా, నిలిచి ఉందా? మామూలు ఎక్స్‌రేలో ఇది సరిగా తెలియదు. సీబీసీటీ అనే త్రీడీ స్కానులో తెలుస్తుంది. కింది దవడలో పెదవికి స్పర్శనిచ్చే నరం సిస్ట్‌కి ఎంత దూరంలో ఉందో కూడా అందులోనే కనిపిస్తుంది.

గోడ పోయి ఉంటే, లేదా ఇంప్లాంట్ పెట్టాలన్న ఆలోచన గట్టిగా ఉంటే పౌడర్‌కి అర్థం ఉంది. పన్ను తీసిన చోట దవడ వెడల్పు ఏడాదిలో దాదాపు సగం తగ్గిందని, అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే పోయిందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. గుంత లోపల ఎముక వస్తుంది, కానీ గట్టు కుంగిపోతుంది. ఆ గట్టు కుంగకుండా ఆపడమే పౌడర్ ముఖ్యంగా చేసే పని.

ఇలా గుంతలో ఎముకో పౌడరో నింపడాన్ని గ్రాఫ్ట్ అంటారు, మన భాషలో అంటు. మామిడికి అంటు కట్టినట్టు అనుకుంటారు చాలామంది. మామిడి అంటులో కట్టే కొమ్మ బతికి ఉంటుంది, దానికే కాయ కాస్తుంది. సీసాలో వచ్చే ఎముక పొడిలో ప్రాణం ఉండదు. ప్రాణమున్న అంటు ఒక్కటే, మనిషి సొంత ఎముక. గడ్డం దగ్గర నుంచో, దవడ వెనకభాగం నుంచో, పెద్ద లోటయితే తుంటి ఎముక నుంచో తీస్తాం. అది ఇప్పటికీ అన్నిటికన్నా మేలైనది. కాకపోతే ఇంకోచోట కోయాలి, అక్కడ నొప్పి ఉంటుంది. మీ నాన్నగారి గుంతకు అంత అవసరం రాదనుకుంటాను.

మిగతా పౌడర్లన్నీ స్లాబుకు ముందు వేసే సెంట్రింగ్ లాంటివి. కాంక్రీటు గట్టిపడేదాకా కిందినుంచి మోస్తాయి, అంతే. తేడా ఎక్కడంటే, కొన్ని సెంట్రింగులు పని అయ్యాక వాటంతట అవే కరిగిపోతాయి, కొన్ని లోపలే ఉండిపోతాయి. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నెలల్లో కరుగుతూ ఎముకకు చోటిస్తుంది. గట్టిగా కాల్చిన హైడ్రాక్సీఅపటైట్ ఏళ్లపాటు అలాగే ఉంటుంది. అది మన ఎముకలో ఉండే ఖనిజమే కాబట్టి శరీరం దాన్ని పరాయిదిగా చూడదు. రెండూ కలిపిన పౌడర్లూ ఉన్నాయి. బయోయాక్టివ్ గ్లాస్ అని ఇంకొకటి, ఇది అక్షరాలా గాజు. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ తయారుచేశాడు. రక్తం తగిలితే దాని పైన హైడ్రాక్సీఅపటైట్ లాంటి పొర ఏర్పడి ఎముకకు అతుక్కుంటుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ కూడా ఇలాంటి పింగాణీ జాతి పదార్థాల మీద చాలా పని చేసింది.

మనుషులు దానం చేసిన ఎముకతోనూ పొడి చేస్తారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988 నుంచి టిష్యూ బ్యాంకు ఉంది, అక్కడ రేడియేషన్‌తో శుద్ధిచేస్తారు. దీని వెనక ఓ చక్కని ముచ్చట ఉంది. అమెరికాలో మార్షల్ ఉరిస్ట్ అనే ఎముకల సర్జన్, ఖనిజం తీసేసిన ఎముకను జంతువుల కండలో పెట్టి చూశాడు. కండలో ఎముక పుట్టింది! 1965లో దాన్ని ప్రకటించాడు. ఎముకలో ఏదో ప్రొటీన్ ఉంది, అది పక్కకణాలను పిలిచి "మీరు ఎముకగా మారండి" అంటోందన్నమాట. ఆ ప్రొటీన్‌ని తర్వాత ప్రయోగశాలలో తయారుచేసి, 2002 నుంచి అమెరికాలో వెన్నెముక ఆపరేషన్లలో వాడుతున్నారు. ధర మాత్రం మీ నాన్నగారి కొట్టు మొత్తం సరుకంత. మన దగ్గర చవగ్గా దొరికేది పీఆర్‌ఎఫ్. చేతిలోంచి పది మిల్లీలీటర్ల రక్తం తీసి, గిర్రున తిప్పి, మధ్యలో ఏర్పడిన జిగురు గడ్డను గుంతలో పెడతారు. ఎముకకు అది చేసే మేలు కొద్దిపాటిదే, పైన చిగురు మానడానికి మాత్రం బాగా సాయపడుతుంది. సొంత రక్తమే కనుక మొహమాటమూ లేదు.

మొహమాటం అన్నాను కాబట్టి ఆవు సంగతికి వస్తాను. మీరు విన్నది అబద్ధం కాదు. ప్రపంచంలో బాగా అమ్ముడయ్యే ఎముక పొడుల్లో కొన్ని ఆవు జాతి ఎముకతో చేసినవే. ప్రొటీనంతా తీసేసి ఖనిజం మాత్రం మిగులుస్తారు. వాటి మీద పరిశోధన కూడా ఎక్కువే ఉంది, మంచి సరుకే. పైన కప్పే కొలాజెన్ పొరలు ఆవుదో పందిదో అయి ఉంటాయి, ఇది చాలామందికి తెలియదు. కొందరికి ఆవుతో ఇబ్బంది, కొందరికి పందితో ఇబ్బంది, ఇద్దరూ నా దగ్గరికి వచ్చేవారు. చెప్పకుండా పెట్టడం తప్పని నా అభిప్రాయం. మందు పనిచేస్తుందా లేదా అన్నది డాక్టరు తేల్చే విషయం. తన ఒంట్లో ఏం పెట్టుకోవాలన్నది మాత్రం మీ నాన్నగారు తేల్చుకోవాలి. ఆయన గుంత కొలతకి కృత్రిమ పౌడర్, పీఆర్‌ఎఫ్ సరిపోతాయి. "జంతువులది వద్దు, సింథటిక్ కావాలి" అని ముందే చెప్పండి, సీసా మీది లేబులు చదివి చూపించమనండి, ఆ స్టిక్కర్ మీ ఫైల్లో అంటించమనండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు, పద్ధతిగా పనిచేసేవాళ్లు అడక్కుండానే అంటిస్తారు.

ఇప్పుడు వెలుగు. ముందు ఒక గందరగోళం తీరుస్తాను. సిమెంటు నింపినప్పుడు డాక్టరు పెట్టే నీలం లైటు వేరు, అది ఫిల్లింగ్ గట్టిపడటానికి. చిగురు కోసే లేజర్ వేరు, అది వేడితో పనిచేస్తుంది. మీకు చెప్పింది మూడోది. వేడి తెలియనంత తక్కువ శక్తితో ఎర్రని వెలుగో, కంటికి కనపడని పరారుణ వెలుగో ఒక చోట కొన్ని క్షణాలు పెట్టడం. చాలా క్లినిక్కుల్లో కోసే మిషన్‌నే శక్తి తగ్గించి, వెడల్పు మూతి తగిలించి దీనికి వాడతారు.

ఇది ఎలుకల వెంట్రుకల దగ్గర మొదలైంది. 1967 ప్రాంతంలో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ పెట్టి చూశాడు. ఆయన వెతికింది క్యాన్సర్ గురించి. కనిపించింది వేరు, వెలుగు పడ్డచోట వెంట్రుకలు తొందరగా మొలిచాయి. తర్వాత పుండ్ల మీద పెట్టాడు. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో ఒక ఎంజైము ఈ వెలుగును పీల్చుకుంటుందని, దాంతో కణం చురుకవుతుందని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఎముక మీద ప్రయోగాలు చాలావరకు ఎలుకల్లోనే జరిగాయి. బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో పిన్హెయిరో బృందం ఏళ్లతరబడి ఇదే పని చేసింది. ఎలుక తొడ ఎముకలో గుంత చేసి, ఆవు ఎముక పొడి నింపి, 830 నానోమీటర్ల వెలుగును రోజు విడిచి రోజు రెండు వారాలు పెట్టారు. వెలుగు పెట్టని వాటికన్నా పెట్టినవాటిలో ఎముక ఎక్కువగా, తొందరగా వచ్చింది. ఇలాంటి ఫలితాలు వేరే దేశాల్లోనూ వచ్చాయి. అందుకని "ఇదంతా బూటకం" అని నేను అనను.

అయితే ఎలుక తొడ మీద చర్మం, కండ ఎంత మందం? మీ నాన్నగారి బుగ్గ ఎంత మందం? వెలుగు లోపలికి పోయేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. ఎలుక ఎముక వారాల్లో పూడుకుంటుంది, మనిషిది నెలలు తీసుకుంటుంది. ఎలుకలకు షుగర్ లేదు, కిళ్లీ లేదు. పైగా ఆ తేడా తొలి వారాల్లోనే ఎక్కువ. మనుషుల్లో జరిగిన పరిశోధనలు చిన్నవి, ఒక్కొక్కరు ఒక్కో మిషన్, ఒక్కో మోతాదు వాడారు, ఫలితాలూ ఒక్కలా లేవు.

మోతాదు అన్నది ఇక్కడ చాలా పెద్ద మాట. 100 మిల్లీవాట్ల వెలుగు 40 సెకన్లు పెడితే 4 జౌల్స్ అవుతుంది. అది ఒక చదరపు సెంటీమీటరు మీద పడిందా, నాలుగింటి మీద పరుచుకుందా అన్నదాన్ని బట్టి అసలు మోతాదు మారుతుంది. తక్కువైతే ఏమీ జరగదు. ఎక్కువైతే మేలు ఆగిపోయి, కణాలు మందగిస్తాయి. పైరుకు యూరియా వేసినట్టే, రెట్టింపు వేస్తే రెట్టింపు పంట రాదు. కాబట్టి ఎన్ని నానోమీటర్లు, ఎన్ని మిల్లీవాట్లు, ఒక్కోచోట ఎన్ని సెకన్లు అని అడగండి. వెంటనే చెప్పగలిగితే ఆయనకు పని తెలుసు. "అదంతా మిషనే చూసుకుంటుంది" అంటే ఆ 15,000 మీ దగ్గరే ఉంచుకోండి.

నేను ఇంత ఆచితూచి మాట్లాడటానికి ఒక కారణం ఉంది. విరిగిన ఎముకలకు అల్ట్రాసౌండ్ పెట్టే మిషన్‌కి అమెరికాలో 1994లోనే అనుమతి వచ్చింది. దాని వెనకా జంతువుల ప్రయోగాలున్నాయి, చిన్న పరిశోధనలున్నాయి, అవి బాగా ఆశ పెట్టాయి. చివరికి కాలి ఎముక విరిగిన 501 మందితో పెద్ద పరిశోధన చేసి 2016లో చూస్తే, మిషన్ పెట్టినవాళ్లకూ ఉత్తుత్తి మిషన్ పెట్టినవాళ్లకూ తేడా లేదు. వెలుగు కూడా అలాగే అవుతుందని నేను జోస్యం చెప్పడం లేదు. అంత పెద్ద పరీక్ష దీనికి ఇంకా జరగలేదు, అంతే. అదే క్యాన్సర్ చికిత్సలో నోరు పూసినప్పుడు ఈ వెలుగు పనికొస్తుందని గట్టి ఆధారాలున్నాయి, అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కూడా చేర్చారు. అక్కడ నేను సంతోషంగా రాసిస్తాను. దవడ గుంతకు అయితే, బయాప్సీ మంచిదని వచ్చాక, ఊరికే పెడతామన్నా, చిన్న మొత్తం తీసుకున్నా పెట్టించుకోండి, వాపు, నొప్పి కొంచెం తగ్గినా లాభమే. కళ్లకు అద్దాలు మాత్రం ఆయనకూ, పక్కన నిలబడే మీకూ తప్పనిసరి.

ఆన్‌లైన్ దీపం కొనకండి. మొహానికి జానెడు దూరంలో పెట్టుకునే ఎర్ర ఎల్‌ఈడీలు బుగ్గ దాటి దవడ లోపలి గుంతకు చేర్చేది లెక్కలోకి రాదు.

వెలుగుకీ ఎముకకీ నిజంగా రుజువైన చుట్టరికం ఒకటుంది, దానికి డబ్బు అక్కర్లేదు. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్స్కీ అనే పిల్లల డాక్టరు, ఎముకలు వంగిపోయిన పిల్లలకు అతినీలలోహిత దీపం పెట్టి నయం చేశాడు. అది విటమిన్ డి పని. పొద్దున్నుంచి రాత్రిదాకా కొట్టులో నీడన కూర్చునే మీ నాన్నగారికి అది తక్కువగా ఉండే అవకాశం చాలా ఉంది. రక్తపరీక్షలో దాన్నీ చూడమనండి, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రలు వాడితే చాలు.

ఇక అసలు అడ్డంకి. 9.1 షుగర్‌తో, రోజుకు మూడు కిళ్లీలతో గుంతలో బంగారం నింపినా పెద్ద ప్రయోజనం ఉండదు. రక్తనాళాలు ఆ గడ్డలోకి పాకాలన్నాను కదా, షుగర్ ఆ పనిని మందగింపజేస్తుంది, పొగాకేమో ఇప్పటికే ఉన్న నాళాలను బిగిస్తుంది. పైన చిగురు మానక, కుట్లు విడి, పౌడర్ గింజలు నోట్లోకి రాలడం నేను చూసినవాటిలో ఎక్కువ భాగం ఇలాంటి నోళ్లలోనే. సిస్ట్‌కి చీము పట్టి లేకపోతే, షుగర్ డాక్టరు దగ్గర మందులు సరిచేయించి, 8 కిందికి దించి ఆపరేషన్‌కి వెళ్లండి. వాపో నొప్పో ఉంటే ఆగొద్దు, అప్పుడు సిస్ట్ తీయించి, ఇంప్లాంట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. జర్దా కనీసం ఆపరేషన్‌కి వారం ముందు మానాలి, తర్వాత రెండు నెలలు ముట్టకూడదు. ఆ రెండు నెలలు గడిస్తే మళ్లీ ఎందుకు మొదలుపెట్టాలని ఆయనే అంటారని నా ఆశ. ఎముకలు గుల్లబారాయని ఎప్పుడైనా ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షనో, వారానికో మాత్రో వాడి ఉంటే అది కూడా ముందే చెప్పాలి, దవడ మానడం మీద వాటి ప్రభావం ఉంటుంది.

మనసు తీరకపోతే ఇంకో చోట చూపించండి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఓరల్ సర్జరీ విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లాలి, క్యూ ఉంటుంది, కానీ అక్కడ ఇలాంటి సిస్టులు వారం వారం తీస్తారు.

ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రే, స్కాన్ కాపీలు మీ దగ్గరే ఉంచుకోండి. ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి తీయించి వాటి పక్కన పెట్టి చూడండి. మొదటి నెలలోనే ఎక్స్‌రే చూపించి "చూశారా, ఎంత తెల్లగా ఎముక వచ్చేసిందో" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. ఆ తెలుపు ఆపరేషన్ రోజు పోసిన పౌడర్‌ది.